విశాఖ ఎంవీపీ కాలనీలో ఒక చిన్న ఫిజియో క్లినిక్: వాకర్‌తో వెళ్ళిన నేను మళ్ళీ బీచ్ రోడ్డుకు ఎలా వచ్చాను

2024 నవంబరులో అల్పపీడనం వాన వెలిసిన మర్నాడు కైలాసగిరి మెట్లు దిగుతూ జారిపడ్డాను. కుడి పాదం లోపలికి మడత పడింది, ఒంటి బరువంతా దాని మీదే పడింది. చీలమండ దగ్గర రెండు పక్కలా ఎముకలు విరిగాయన్నారు. ఆపరేషన్ చేసి ఒకవైపు ప్లేటు, ఇంకోవైపు స్క్రూలు వేశారు. ఆరు వారాలు కాలు నేల మీద పెట్టకూడదు. నాకు 48 ఏళ్ళు. పదకొండేళ్ళుగా రోజూ పొద్దున్నే బీచ్ రోడ్డులో కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి, కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దాటి, వుడా పార్కు దాకా నడిచి వచ్చే మనిషిని. నాలాంటి నలుగురం కలిసి వెళ్ళేవాళ్ళం. అలాంటిది ఆరు వారాలు మంచం మీద, ఆ తర్వాత వాకర్‌తో వంటింటి దాకా.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఆపరేషన్ అయ్యాక ఎవరికైనా వచ్చే మొదటి ప్రశ్న "ఫిజియోకి ఎక్కడికి వెళ్ళాలి" అన్నదే. ఆపరేషన్ గురించి పది మందిని అడుగుతాం, ఫలానా డాక్టరు దగ్గరే చేయించుకోవాలని పట్టుబడతాం, ఫిజియో దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇంటికి దగ్గరగా బోర్డు ఎక్కడ కనిపిస్తే అక్కడికి వెళ్ళిపోతాం. నేనూ అదే చేశాను. ఆ పొరపాటుకు నాకు మూడు వారాలు, 5,250 రూపాయలు పోయాయి.

ఆ మొదటి సెంటర్ పేరు చెప్పను. జనవరిలో అక్కడికి 15 సెషన్లు వెళ్ళాను, సెషన్‌కి 350. వెళ్ళగానే బల్ల మీద పడుకోబెట్టి కాలికి కరెంటు పెట్టేవారు, పావుగంట. తర్వాత జెల్ రాసి అల్ట్రాసౌండ్, తర్వాత మైనం కాపడం. ఆఖర్లో ఒక అబ్బాయి వచ్చి పాదాన్ని పట్టుకుని పైకీ కిందికీ పది సార్లు ఆడించి వెళ్ళిపోయేవాడు. హాయిగానే ఉండేది, కాదనను. కాపడం పెట్టిన గంట సేపు కాలు తేలిగ్గా ఉండేది, ఇంటికొచ్చి వాకర్ పట్టుకోగానే మళ్ళీ మామూలే. ఆరు వారాల ఎక్స్‌రే చూసి సర్జన్ గారు "ఇక మెల్లగా బరువు మోపండి" అని స్పష్టంగా చీటీ మీద రాశారు. ఆ చీటీ అక్కడ ఎవరూ చదవలేదు. మూడు వారాల్లో ఒక్కసారి కూడా నన్ను నిలబెట్టి "ఈ కాలి మీద ఎంత బరువు వేస్తున్నారు" అని అడిగిన వాళ్ళు లేరు. నాకూ తెలియదు కాబట్టి నేనూ అడగలేదు. నొప్పి తగ్గితే నడక అదే వస్తుందనుకున్నాను.

అలా రాదు. ఈ ఐదు నెలల్లో నేను నేర్చుకున్న మొదటి విషయం ఇదే. ఎముక అతుక్కోవడం వేరు, కాలు పనిచెయ్యడం వేరు. ఆరు వారాలు కదలకుండా ఉంటే కీలు బిగుసుకుపోతుంది, పిక్క కండ కరిగిపోతుంది, ఒంటికాలి మీద నిలబడినప్పుడు మనకు తెలియకుండానే మనల్ని నిలబెట్టే ఆ పట్టు కూడా పోతుంది. ఇవేవీ మిషన్‌తో తిరిగి రావు. కండకు పని చెబితేనే కండ వస్తుంది.

ఎంవీపీ కాలనీలోని ఈ క్లినిక్ గురించి మా అమ్మాయి స్నేహితురాలి వాళ్ళ అమ్మగారు చెప్పారు, ఆవిడకు మోకీలు మార్పిడి తర్వాత ఇక్కడే ఫిజియో చేశారట. పేరూ సెక్టారూ ఇక్కడ వెయ్యడం లేదు, క్లినిక్ నడిపే ఫిజియో డాక్టరమ్మ వద్దన్నారు. ఉన్న పేషెంట్లకే టైం చాలడం లేదన్నారు. కాబట్టి ఇది చదివి మీరు అదే క్లినిక్‌కి వెళ్ళాలని కాదు, ఏ క్లినిక్‌కి వెళ్ళినా ఏం చూసుకోవాలో తెలియాలని రాస్తున్నాను.

ముందు ఇబ్బందులు చెప్పేస్తాను. క్లినిక్ రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. కాళ్ళు బాగోలేని వాళ్ళు వచ్చే చోటు రెండో అంతస్తులో పెట్టడం తప్పే, ఆవిడతో కూడా ఈ మాట అన్నాను. అద్దె తక్కువని తీసుకున్నారట, కింద దొరికితే మారతామన్నారు, ఇంకా మారలేదు. మొదటి రోజు మా వారూ వాచ్‌మనూ కలిసి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఎక్కించారు. సందులో కారు పెట్టుకోవడానికి చోటు లేదు, ఆటోలోనే రావాలి. సాయంత్రం ఐదు దాటితే అరగంట, ముప్పావుగంట కూర్చోవాల్సి వస్తుంది. పొద్దున స్లాట్ దొరికితే అది తీసుకోండి. ఏసీ ఒక గదికే ఉంది, ఏప్రిల్, మే నెలల్లో ఉక్కకు నిజంగా ఇబ్బంది పడ్డాం. ఇంటికి వచ్చి చెయ్యరు. ఇవన్నీ ఉన్నా నేను ఐదు నెలలు వెళ్ళాను.

మొదటి రోజు గంట సేపు ఒక్క మిషన్ కూడా ఆన్ చెయ్యలేదు. ముందు నా డిశ్చార్జి కాగితాలు, రెండు ఎక్స్‌రేలు, సర్జన్ గారి చీటీ పూర్తిగా చదివారు. తర్వాత రెండు కాళ్ళ పిక్కలూ నొక్కి చూసి, టేపుతో కొలిచి, ఒకే పిక్క గట్టిగా వాచి, ముట్టుకుంటే వేడిగా, ఎర్రగా ఉండి నొప్పి పెడితే మాత్రం ఇక్కడికి రావద్దు, నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి, ఆపరేషన్ అయి కదలకుండా ఉన్నవాళ్ళకు కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డ కట్టే ప్రమాదం ఉంటుంది, దాంతో పాటు ఆయాసం వస్తే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు అని చెప్పారు. ఆపరేషన్ జరిగి రెండున్నర నెలలయింది, ఈ మాట నాకు అప్పటిదాకా ఎవరూ ఇంత విడమరిచి చెప్పలేదు.

ఆ తర్వాత అడిగారు.

"మేడమ్, మీరు మళ్ళీ ఏం చెయ్యాలనుకుంటున్నారు?"

"నడవాలమ్మా."

"ఎక్కడ? ఎంత దూరం?"

నాకు వెంటనే నోరు పెగల్లేదు. మెల్లగా బీచ్ రోడ్డు గురించి చెప్పాను, మా నలుగురి గురించి చెప్పాను. ఇంకా ఏమిటని అడిగితే నాలుగేళ్ళుగా అనుకుంటున్న సింహాచలం గిరి ప్రదక్షిణ గురించి చెప్పాను. 32 కిలోమీటర్లు, ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు మొదలవుతుంది. చెబుతుంటే కళ్ళనీళ్ళు వచ్చాయి, ఎందుకంటే వాకర్ పట్టుకుని కూర్చుని 32 కిలోమీటర్ల గురించి మాట్లాడుతున్నాను. ఆవిడ ఓదార్చలేదు, నవ్వలేదు, ఫైలు మీద పైన "బీచ్ రోడ్డు, గిరి ప్రదక్షిణ" అని రాసుకున్నారు. ఆ కాగితం చివరి దాకా నా ఫైలులో అలాగే ఉంది. ప్రతి నెలా ఆ రెండు మాటలు చూసే తర్వాత ఏం చెయ్యాలో నిర్ణయించారు.

తర్వాత కొలతలు. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. గోడకు ఎదురుగా నిలబడి, మడమ నేల మీది నుంచి లేవకుండా మోకాలును ముందుకు వంచి గోడకు తాకించాలి. తాకుతుంటే పాదాన్ని కొంచెం కొంచెం వెనక్కి జరుపుకుంటూ పోవాలి. మడమ లేవకుండా మోకాలు గోడకు తాకే చివరి చోట, బొటనవేలికీ గోడకూ మధ్య దూరం ఎంతో టేపుతో కొలవాలి. నా ఎడమ కాలికి 11 సెంటీమీటర్లు వచ్చింది, కుడి కాలికి 2. ఈ ఒక్క అంకెతో నా బాధంతా నాకు అర్థమైంది. మెట్లు దిగేటప్పుడు, పీట మీంచి లేచేటప్పుడు, గొంతుక్కూర్చునేటప్పుడు కాలి ఎముక పాదం మీదుగా ముందుకు వంగాలి. అది వంగకపోతే మనిషి పక్కకు తిరిగి దిగుతాడు, కుంటుతాడు, ఆ భారం మోకాలి మీదా నడుం మీదా పడుతుంది. నాకు అప్పటికే నడుం నొప్పి మొదలైంది, పడుకుని పడుకుని వచ్చిందనుకున్నాను.

బరువు మోపడం నేర్పిన పద్ధతి కూడా నాకు బాగా నచ్చింది. మామూలుగా ఇళ్ళలో బరువు చూసుకునే మిషన్ ఒకటి, అంతే ఎత్తున్న చెక్క ఒకటి పక్కపక్కన పెట్టి, చెక్క మీద మంచి కాలు, మిషన్ మీద దెబ్బ కాలు పెట్టమన్నారు. ముందు 15 కిలోలు వచ్చేదాకా మోపండి, అక్కడ ఆగండి. రెండు రోజుల తర్వాత 20, తర్వాత 30. నేను 64 కిలోలు. అంకె కళ్ళెదురుగా కనిపిస్తుంటే భయం పోయింది. అంతకు ముందు "మెల్లగా మోపండి" అంటే ఎంత మెల్లగానో తెలియక అసలు మోపేదాన్నే కాదు. రెండున్నర వారాల్లో వాకర్ వదిలి ఒక చేతికర్రకు వచ్చాను, మార్చి రెండో వారానికి అదీ వదిలేశాను. కర్ర ఏ చేత్తో పట్టుకోవాలో కూడా చాలామందికి తెలియదు, దెబ్బ కాలి పక్కన కాదు, మంచి కాలి వైపు చేత్తో పట్టుకోవాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ కాలు ముందు. రెండో అంతస్తు కాబట్టి ఇది మొదటి వారంలోనే నేర్చుకోక తప్పలేదు.

వ్యాయామాలన్నీ చెబితే పేజీలు పడుతుంది. ముందు కూర్చుని తువ్వాలు అరికాలికి వేసి లాక్కోవడం, రబ్బరు బ్యాండుతో పాదాన్ని నాలుగు వైపులా నెట్టడం. తర్వాత గోడ పట్టుకుని రెండు కాళ్ళ మునివేళ్ళ మీద లేవడం, తర్వాత రెండు కాళ్ళతో లేచి ఒక్క కాలితో దిగడం, ఆ తర్వాత ఒక్క కాలితోనే లేవడం. ఈ ఒంటికాలితో లేవడం అనేది నా ప్రాణం తీసింది. ఎడమ కాలితో 25 సార్లు తేలిగ్గా లేచేదాన్ని, కుడి కాలితో మార్చి నెలాఖరుకి ఒక్కటంటే ఒక్కటి కూడా రాలేదు, మడమ నేలకు అంటుకుపోయినట్టు ఉండేది. మొదటిసారి ఏప్రిల్ 19న లేచింది. తేదీ గుర్తుంది, వంటింట్లో పాలు పొంగుతుంటే స్టవ్ దగ్గర నిలబడి చేస్తున్నాను. మా వారిని కేకేసి పిలిచి చూపించాను. జులైకి 17 వచ్చాయి.

ఇక్కడ ఒక మాట. ఆ క్లినిక్‌లో కూడా కరెంటు మిషన్లు ఉన్నాయి. అవసరమైన వాళ్ళకు పెడతారు, నాకు కూడా మొదటి రెండు వారాలు వాపు ఎక్కువగా ఉన్నప్పుడు ఐస్ పెట్టారు, నాలుగైదు సార్లు కరెంటు పెట్టారు. అయితే అది చివరి పది నిమిషాలే, ముందు 40 నిమిషాలు పని. అక్కడ చాలామంది పేషెంట్లు మొదట్లో గొడవ పెడతారు, "డబ్బు కట్టాం, మిషన్ పెట్టరేం, మాతోనే చేయిస్తారేం" అని. వాళ్ళ మీద నాకు కోపం లేదు, నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. మన దగ్గర వైద్యం అంటే ఎవరో మనకు చేసేదే, మనం చేసుకునేది కాదు అన్న నమ్మకం గట్టిగా ఉంది. ఫిజియోలో మాత్రం క్లినిక్‌లో గడిపే గంట కన్నా ఇంట్లో చేసే అరగంటే ముఖ్యం. వారానికి మూడు గంటలు అక్కడ చేసి మిగతా రోజులు కాలు చాపుకుని కూర్చుంటే ఏ డాక్టరూ ఏమీ చెయ్యలేరు. ఈవిడ ప్రతిసారీ ఇంటికి మూడే వ్యాయామాలు ఇచ్చేవారు. మూడు కన్నా ఎక్కువిస్తే ఎవరూ చెయ్యరట. నా ఫోనులోనే నేను చేస్తుండగా వీడియో తీసేవారు, కాబట్టి ఇంటికొచ్చాక ఎలా చెయ్యాలన్న అనుమానం ఉండేది కాదు. మళ్ళీ వెళ్ళగానే మొదటి ప్రశ్న "ఎన్ని చేశారు?" అబద్ధం చెబితే కొలతల్లో తెలిసిపోతుంది.

నొప్పి గురించి కూడా చెప్పాలి, అందరికీ భయం అక్కడే. అసలు నొప్పి లేకుండా చేయిస్తామంటే నమ్మొద్దు, ఏడ్చేంత నొప్పి పెట్టి వంచేవాళ్ళ దగ్గరికీ వెళ్ళొద్దు. ఇక్కడ పెట్టిన లెక్క ఏమిటంటే, సున్నా నుంచి పది వరకు నొప్పికి నంబరు ఇవ్వాలి, చేస్తున్నప్పుడు మూడు నాలుగు దాకా ఉంటే ఫరవాలేదు, మర్నాడు పొద్దుటికి మళ్ళీ మామూలుకి రావాలి. రాకపోతే నిన్న ఎక్కువైందని అర్థం, ఈరోజు తగ్గించాలి.

ఏప్రిల్ చివర్లో నేనే తప్పు చేశాను. కర్ర వదిలేశాను, నడక బాగుంది, పొద్దున్నే బీచ్ రోడ్డులో బండ్లు ఆపేసే టైములో స్నేహితులతో వెళ్ళి, ఆవిడ 20 నిమిషాలే అని చెప్పినా వినకుండా గుడి దగ్గరి నుంచి వుడా పార్కు దాకా నడిచి, మళ్ళీ నడిచే వచ్చాను. ఆ గాలి, ఆ సముద్రం, అందరూ పలకరించడం, ఆగలేకపోయాను. మధ్యాహ్నానికి చీలమండ కనిపించకుండా వాచిపోయింది, రాత్రి నిద్ర లేదు. ప్లేటు కదిలిపోయిందేమోనని టెన్షన్. మర్నాడు ఏడుపు మొహంతో వెళ్తే ఆవిడ తిట్టలేదు. ఎముక మీద నొక్కి చూశారు, నిలబెట్టి చూశారు, ఎంత సేపు నడిచారు, ఎప్పుడు వాచింది, నొప్పి ఎంత అని అడిగి రాసుకున్నారు. అప్పుడు అన్న మాట నాకు ఎప్పటికీ గుర్తుంటుంది.

"మీ కాలు పాడవలేదు మేడమ్, అలసిపోయింది. 20 నిమిషాలు అలవాటున్న కాలికి ఒక్కసారిగా గంటన్నర పని చెప్పారు. రెండు రోజులు తగ్గిద్దాం, ఆపొద్దు."

ఆపొద్దు అన్నారు చూడండి, అదే నన్ను నిలబెట్టింది. నా అంతట నేనైతే పది రోజులు మంచం ఎక్కేదాన్ని, మళ్ళీ మొదటికి వచ్చేది. ఆ రోజు నుంచి ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుని నడిచిన నిమిషాలు, సాయంత్రం వాపు, నొప్పి నంబరు రాయడం మొదలుపెట్టాను. వారం వారం కొన్ని నిమిషాలు పెంచుకుంటూ పోయాం.

ఇసుక గురించి విశాఖ వాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. "ఇసుకలో నడువు, కాలికి మంచిది" అని ప్రతి ఒక్కరూ చెబుతారు. పొడి ఇసుకలో పాదం అటూ ఇటూ ఒరుగుతుంది, చీలమండకు అది చాలా కష్టమైన పని, మొదట్లో చెయ్యకూడదు. నాకు జూన్‌లో కానీ ఒప్పుకోలేదు. అది కూడా ముందు నీళ్ళకు దగ్గరగా తడిసి గట్టిపడిన ఇసుక మీద, పది నిమిషాలు. ఇంకో సంగతి, మన బీచ్ సముద్రం వైపు వాలుగా ఉంటుంది కదా, ఒకే దిక్కుకు నడిస్తే ఎప్పుడూ ఒకే కాలు పల్లంలో ఉంటుంది, పాదం ఒకే వైపు ఒరుగుతుంది. అందుకని ఎంత దూరం వెళ్ళామో అంత దూరం అదే తడి ఇసుక మీద వెనక్కి రావాలి, వెళ్ళేటప్పుడు ఇసుకలో వెళ్ళి వచ్చేటప్పుడు ఫుట్‌పాత్ మీద రాకూడదు. పదకొండేళ్ళు ఆ బీచ్‌లో నడిచినా నాకు ఈ ఆలోచనే రాలేదు.

క్లినిక్‌లో నాతో పాటు వచ్చే వాళ్ళ గురించి రాయకుండా ఉండలేను. స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరైన ఒక పెద్దాయన, రెండు మోకీళ్ళూ మార్పించుకున్నారు, అందరం బాబాయిగారూ అనేవాళ్ళం. ఆయన నా కన్నా ముందు వచ్చి సైకిల్ తొక్కుతూ ఉండేవారు. పెదజాలరిపేట నుంచి ఒకామె వచ్చేది, తల మీద చేపల గంప పెట్టుకుని ఇంటింటికీ తిరిగి అమ్మే మనిషి. షుగరు ఉంది, భుజం బిగుసుకుపోయి చెయ్యి పైకి లేచేది కాదు. షుగరు ఉన్నవాళ్ళకు ఇలా భుజం పట్టేయడం ఎక్కువట. ఆమెకు ఏ డంబెల్సూ ఇవ్వలేదు, కొంచెం కదలిక వచ్చాక "నీ గంప తీసుకురామ్మా" అన్నారు. ఆ గంపనే ముందు ఖాళీగా నడుము దాకా, తర్వాత భుజం దాకా, తర్వాత తల మీదకి ఎత్తించారు. తర్వాత అందులో కిలో ఇసుక సంచి, రెండు కిలోలు, ఐదు కిలోలు. ఆమె దగ్గర ఫీజు తక్కువ తీసుకునేవారని తర్వాత తెలిసింది. ఒకరోజు నేను నీరసంగా కూర్చుంటే ఆమే నా పక్కకొచ్చి, "ఏటమ్మా అలగున్నావు? నా సెయ్యి సూడు, పండగ ముందు జడేసుకోనేకపోనాను" అని రెండు చేతులూ ఎత్తి చూపించింది. ఫిజియో అంటే ఏమిటో నాకు ఆ గంపను చూసినప్పుడు పూర్తిగా అర్థమైంది. మనిషి ఏ పని చేసి బతుకుతుందో ఆ పనికి తిరిగి పంపడం.

ఖర్చు సంగతి. మొదటి రోజు పరీక్షకు 600, తర్వాత సెషన్‌కి 450. ఫిబ్రవరి, మార్చి వారానికి మూడు, అంటే 24. ఏప్రిల్, మే వారానికి ఒకటి, 8. జూన్‌లో రెండు. మొత్తం 34 సెషన్లు, పరీక్ష ఫీజుతో కలిపి 15,900. ప్యాకేజీ అంటూ ముందే డబ్బు కట్టించుకోలేదు, కొంచెం మెరుగవగానే "ఇక వారానికి ఒకసారి చాలు" అని ఆవిడే తగ్గించారు. ముందే నెల రోజుల డబ్బు కట్టమనే చోట జాగ్రత్తగా ఉండాలని నా అభిప్రాయం. నా హెల్త్ పాలసీలో ఇంటి నుంచి వెళ్ళి చేయించుకునే ఫిజియోకి డబ్బు రాలేదు, మీ పాలసీలో ఏముందో ఆపరేషన్‌కి ముందే అడగండి. ఇంత పెట్టుకోలేని వాళ్ళు కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) లాంటి ప్రభుత్వాసుపత్రిలో ఫిజియోథెరపీ ఎప్పుడు చూస్తారో కనుక్కోండి, మూడు నాలుగు సార్లు వెళ్ళి వ్యాయామాలు సరిగ్గా నేర్చుకుని ఇంట్లో క్రమం తప్పకుండా చేసినా, ఖరీదైన చోట కరెంటు పెట్టించుకోవడం కన్నా మేలు.

ఎవరు చేస్తున్నారో కూడా అడగాలి, మొహమాటం వద్దు. ఫిజియోథెరపీ డిగ్రీ నాలుగేళ్ళ చదువు, ఆపైన ఇంటర్న్‌షిప్. బోర్డు మీద ఒకరి డిగ్రీ ఉండి లోపల చేసేది ఇంకెవరో అయితే ఉపయోగం లేదు. నేను మొదట వెళ్ళిన చోట ఆ డిగ్రీ ఉన్నాయన్ని 15 రోజుల్లో రెండు సార్లే చూశాను. ఇక్కడ ఒక అసిస్టెంట్ అమ్మాయి ఉంది, ఆమె కూడా ఈ చదువే చదివింది, అయినా కొలతలు మాత్రం ప్రతి రెండు వారాలకూ డాక్టరమ్మే తీసేవారు. గోడ దగ్గర కొలత 2 నుంచి మార్చి చివరికి 5, మే నెలలో 7, జులై మొదటి వారానికి 8.5. మంచి కాలి కన్నా ఇంకా రెండున్నర తక్కువే. మొత్తం వస్తుందని ఆవిడ మాట ఇవ్వలేదు, ప్లేటు ఉన్న కాలికి కొంత బిగువు ఉండిపోవచ్చని మొదట్లోనే చెప్పారు. అలా చెప్పడం వల్లే నాకు ఆవిడ మీద నమ్మకం పెరిగింది.

గిరి ప్రదక్షిణ 2025 జులై 9న వచ్చింది. నేను మొత్తం నడుస్తానని మారాం చేశాను. ఆవిడ ఒప్పుకోలేదు. నోటుబుక్కు తెరిచి, ఇప్పటిదాకా మీరు ఒకేసారి ఎక్కువగా నడిచింది రెండున్నర గంటలు, 32 కిలోమీటర్లంటే దానికి ఎన్ని రెట్లో మీరే చూడండి అన్నారు. ఆఖరికి ప్రదక్షిణ దారిలో సముద్రం ఒడ్డున ఉండే అప్పుఘర్ దాకా వెళ్ళడానికి ఒప్పందం కుదిరింది. గంటకొకసారి కూర్చోవాలి, బూట్లు విప్పకూడదు, నొప్పి ఐదు దాటితే అక్కడే ఆగిపోవాలి, మా వారు బండి మీద ఎక్కడో ఒకచోట అందుబాటులో ఉండాలి. చెప్పులు లేకుండా నడిచే వాళ్ళ మధ్య బూట్లేసుకుని నడవడం మనసుకు కష్టంగానే అనిపించింది. అప్పన్న స్వామికి నా కాలు సంగతి తెలుసు అనుకున్నాను.

కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరాం, మా నలుగురమూ. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, విశాలాక్షి నగర్. దారి పొడుగునా మజ్జిగ, మంచినీళ్ళు, పులిహోర ఇస్తూనే ఉన్నారు, ఎవరో ఒకరు "కూర్చోమ్మా" అని కుర్చీ వేస్తూనే ఉన్నారు. హనుమంతవాక దాటాక నొప్పి నాలుగు. విశాలాక్షి నగర్ దిగువకు దిగేటప్పుడు నాలుగున్నర, అక్కడ పావుగంట కూర్చున్నాను. అప్పుఘర్ చేరేసరికి చీకటి పడింది. అక్కడ జనం సముద్ర స్నానం చేస్తున్నారు. నేను తడి ఇసుక దాకా వెళ్ళి, అప్పుడు మాత్రం బూట్లు విప్పి, రెండు కాళ్ళూ నీళ్ళలో పెట్టాను. మిగతా ముగ్గురూ ముందుకు వెళ్ళారు, నేను బండి ఎక్కి ఇంటికి వచ్చాను. మర్నాడు పొద్దున నొప్పి రెండు, వాపు కొంచెం.

ఆ రాత్రి అప్పుఘర్‌లో నిలబడి పైకి చూస్తే కైలాసగిరి. ఆ మెట్లు నేను ఇంకా ఎక్కలేదు. ఎక్కడం నాకు ఇప్పుడు కష్టం కాదు, దిగడమే. ఆగస్టు నుంచి నెలకు రెండు సార్లు మళ్ళీ వెళ్తున్నాను, అందుకోసమే. క్లినిక్‌లో 20 సెంటీమీటర్ల చెక్క మెట్టు మీద కుడి కాలితో నిలబడి, ఎడమ మడమ నేలకు తాకేదాకా మెల్లగా దిగి మళ్ళీ లేవాలి, ఏమీ పట్టుకోకుండా. పోయిన బుధవారం తొమ్మిది వచ్చాయి. 15 తడబడకుండా వస్తే, వాన లేని ఒక ఆదివారం చూసి తానే తోడు వస్తానని చెప్పింది ఆ అసిస్టెంట్ అమ్మాయి.